వర్షచ్ఛాయాసీమలో నివాసము, నీటివసతి : పెనుగొండ, పోరుమామిళ్ల శాసనముల సాక్ష్యము

ఒకచోటినుండి మరియొకచోటికి జనులు తరలిపోవుటకు చరిత్రగ్రంథములు సాధారణముగా చెప్పు కారణములు మూడు: శత్రుభయము, రాజాశ్రయము, భూలాభము. ఈ మూడును సత్యములే. కాని వచ్చినవారు ఆ చోట నిలుచుటకు ఇవి చాలవు. నిలుచుటకు నీరు వలయును. డెల్టాసీమలలో ఈ సంగతి అంతగా కనబడదు. నది యుండనే యున్నది గనుక చరిత్రకారుడు దానిని మరచినను కథ నడచును. వానలకు చాటైన సీమలో అట్లు మరచుటకు వీలులేదు. అచ్చట ఒక ఊరు ఎట్లు వెలసినదో తెలియగోరువాడు దాని చెరువు ఎట్లు వెలసినదో ముందుగా తెలిసికొనవలయును.

ఈ వ్యాసమున రాయలసీమను, అందును ముఖ్యముగా అనంతపుర, కడప ప్రాంతములను తీసికొని, పదునాలుగవ శతాబ్దికి చెందిన రెండు శాసనముల సాక్ష్యమును పరిశీలింపదలచితిని. ఈ శాసనములను పండితులు నీటిపారుదల చరిత్రలో తరచుగా పేర్కొనుచునే యున్నారు. అయితే వానిని నివాసచరిత్రకు సాక్ష్యములుగా చదివినచో మరియొక విషయము తేటపడును. ఈ సీమకు వచ్చి కాపురముండదలచినవారు అడిగిన ప్రశ్న “ఇచ్చట వాన యెంత?” యనునది కాదు. “నీరు ఎచ్చటినుండి వచ్చును, ఎంత నేలకు చాలును, దానిని కాపాడువాడెవడు?” అనునదే వారి ప్రశ్న. ఈ ప్రశ్నకు సరియైన సమాధానమున్నన్నాళ్లు ఊరు నిలిచినది. అది తప్పిననాడు ఊరు చెదరినది.

1. సీమ స్వరూపము

నైరుతి ఋతుపవనములు పశ్చిమసముద్రమునుండి తెచ్చు నీటిలో అధికభాగము సహ్యాద్రి పడమటి వాలులమీదనే కురిసిపోవును. మంగళూరువద్ద సంవత్సరమునకు 3,500 మిల్లీమీటర్లకు మించి వాన పడుచుండగా, కొండలకు తూర్పున నున్న అనంతపురమున సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే పడును. ఈశాన్య ఋతుపవనములు తూర్పుసముద్రమునుండి వచ్చునప్పుడు నెల్లూరుతీరమును తడిపి, నల్లమల, వెలికొండలు మొదలగు తూర్పుకనుమల శ్రేణులను దాటునప్పటికి బలము తగ్గియుండును. ఇట్లు ఒక సీమ రెండు ఋతుపవనములకును చాటుననే యున్నది. దీనినే నేటి భూగోళశాస్త్రజ్ఞులు వర్షచ్ఛాయ యందురు.

సగటు తక్కువ యగుట యొక్కటియే కష్టము కాదు. ఆ కొలది వానయు నిలుకడగా రాదు. వానలో పెద్దభాగము సెప్టెంబరు, అక్టోబరు మాసములందు, అదియు కొలదిదినములలో కురియును. జూన్, జూలై మాసములందు విత్తినవాడు నడుమ వచ్చు ఎండుకాలమును దాటవలయును. ఒక్కొక్కయేడు తుపాను లోపలికి చొచ్చుకొనివచ్చి రెండు దినములలో చెరువులను నింపి, కట్టలను తెంపి పోవును. కావున ఇచ్చట నివసించువానికి నీటివలన రెండు భయములు గలవు: రాదేమోయను భయ మొకటి, ఒక్కమాటుగా వచ్చిపడునేమోయను భయము రెండవది. చెరువు ఈ రెండింటికిని ఏర్పడిన సమాధానము. తూము మొదటిభయమునకు, మరవ రెండవభయమునకు జవాబులు.

నదులవిషయమున నొక భేదమును గమనింపవలయును. తుంగభద్ర సహ్యాద్రిలో పుట్టి ఆ కొండలమీది సమృద్ధియగు వానను ఎండుసీమకు మోసికొనివచ్చును. పెన్నానది అట్లుగాదు. అది నందికొండలలో, అనగా వర్షచ్ఛాయలోపలనే పుట్టి, ఆ ఛాయలోనే చాలదూరము ప్రవహించును. మొదటినదియొడ్డున నుండువాడు పరసీమలోని వానను త్రాగుచున్నాడు. రెండవనదియొడ్డున నుండువానికి తన సీమవానయే దిక్కు. విజయనగరరాజధాని హంపీనుండి పెనుగొండకు మారిన కథను ఈ భేదమును మనస్సునందుంచుకొని చదువవలయును.

2. పెనుగొండకు నీరు

1565లో జరిగిన మహాయుద్ధమున విజయనగరసైన్యము ఓడిన పిమ్మట తిరుమలరాయలు రాజధానిని పెనుగొండకు మార్చెను. ఈ మార్పునకు కారణముగా చరిత్రకారులు గిరిదుర్గము యొక్క బలమును చెప్పుదురు. అది యుక్తమే. కాని దుర్గము శత్రువును ఆపునుగాని దప్పికను ఆపదు. తుంగభద్రయొడ్డున రాతికాలువలతో, తోటలతో బ్రదికిన పరివారమునకు పెన్నాపరీవాహమునందలి కొండక్రిందిపట్టణము ఆశ్రయమగుటకు అచ్చట ముందే ఏదో యొక ఏర్పాటు ఉండవలయును. ఆ ఏర్పాటును గూర్చిన సాక్ష్యము యుద్ధమునకు 177 సంవత్సరములు ముందటిది.

క్రీ.శ. 1388 నాటి శాసన మొకటి గౌరిబిదనూరు ప్రాంతమున లభించినది. దీనిని బి. యల్. రైసు దొర ఎపిగ్రాఫియా కర్నాటికా పదవసంపుటమున ప్రకటించెను. రెండవ హరిహరరాయల కుమారుడు బుక్కరాయలు పెనుగొండయందుండి, ఆ పట్టణమునకు హెన్నె నదిని తేవలసినదని జలసూత్రమునందు నేర్పరియగు సింగాయభట్టునకు ఆజ్ఞ యిచ్చెననియు, సింగాయభట్టు ఆ నదినుండి సిరువేర చెరువునకు కాలువ త్రవ్వించి, దానికి ప్రతాపబుక్కరాయమండల కాలువయని పేరిడెననియు అందలి సారము.

హెన్నె యనునది పెన్న శబ్దమునకు కన్నడరూపము. తెలుగున పాలు, పులి, పువ్వు అను పదములకు కన్నడమున హాలు, హులి, హూవు అను రూపములున్నట్లే పెన్న హెన్నె యైనది. ఈ ధ్వనిభేదము ఎరుగనివారు శాసనమును వేరొక నదికి అన్వయింప వచ్చును గనుక దీని నిచ్చట చెప్పవలసివచ్చినది.

ఈ శాసనమున మూడు విషయములు గమనింపదగినవి. మొదటిది, ఆజ్ఞయొక్క స్వరూపము. చెరువు త్రవ్వింపుమని గాక, నదిని పట్టణమునకు తెమ్మని రాజకుమారుని కోరిక. పట్టణముచుట్టు పడు వానమీద ఆధారపడరాదను తెలివి ఇందు కలదు. రెండవది, నీరు నేరుగా పట్టణమునకు గాక చెరువునకు వచ్చినది. నది పారుదినములు కొలది. ఆ కొలదిదినముల నీటిని నిలువజేయు పాత్ర లేనిచో కాలువ వ్యర్థము. కాలువయు చెరువును కలిసియే ఒక యేర్పాటు. మూడవది, పనిచేసిన నిపుణుని పేరు శాసనమున రాజుపేరుతో సమానముగా నిలిచినది. దేవాలయములను కట్టిన శిల్పులలో పేరు తెలియనివారే యెక్కువ. నీటినడకను గుర్తించి కాలువకు వాలు నిర్ణయించినవాని పేరును రాతిమీద చెక్కించుట ఆ విద్యకు ఈ సీమ ఇచ్చిన విలువను తెలుపును.

ఇట్లు నీరు 1388లో వచ్చినది. రాజధాని 1565 తరువాత వచ్చినది. ఈ పౌర్వాపర్యమే ఈ వ్యాసమునకు మూలము. రాజధాని వచ్చినపిమ్మట నీటికై వెదకుట డెల్టాసీమలో చెల్లునేమోగాని వర్షచ్ఛాయలో చెల్లదు.

3. పోరుమామిళ్ల శాసనము : పండ్రెండు అంగములు, ఆరు దోషములు

పెనుగొండశాసనము ఒక పనిని తెలుపగా, అంతకు 19 సంవత్సరములు ముందటిదగు పోరుమామిళ్ల శాసనము ఆ పనికి వెనుకనున్న శాస్త్రమును తెలుపుచున్నది. కడపజిల్లాలోని పోరుమామిళ్లయందు భైరవాలయము ముందటి రెండు రాతిపలకలమీద సంస్కృతశ్లోకములతో చెక్కబడిన ఈ శాసనము శకవర్షము 1291, అనగా క్రీ.శ. 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడును, ఉదయగిరియందుండి ఏలినవాడును అగు భాస్కరుడు, నామాంతరమున భవదూరుడు, ఇచ్చట అనంతరాజసాగరమను చెరువును కట్టించెను. వేయిమంది పనివారు ప్రతిదినమును పనిచేయగా, రాళ్లుతోలుటకు నూరుబండ్లు నడువగా, రెండేండ్లకు పని పూర్తియైనట్లు శాసనము చెప్పుచున్నది. వి. యస్. సుక్తంకరు పండితుడు దీనిని ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటమున పరిష్కరించి ప్రకటించెను.

మంచిచెరువునకు కావలసిన పండ్రెండు అంగములను శాసనకర్త ఇట్లు లెక్కించినాడు: ధర్మపరుడును సంపన్నుడును కీర్తికాముడును అగు రాజు, జలశాస్త్ర మెరిగిన బ్రాహ్మణుడు, గట్టి బంకమన్ను గల నేల, మూడు యోజనముల దూరమునుండి వచ్చు తీపినీటి నది, చెరువును తాకియుండు కొండ, ఆ కొండభాగముల నడుమ దట్టమైన రాతితో కట్టిన, మిక్కిలి పొడవుగాని గట్టికట్ట, పంటనేలకు పెడగానుండు రెండు కొనలు, విశాలమై లోతైన గర్భము, నిడుపైన తిన్నని రాళ్లు దొరకు గని, చెంతనే చదునై ఫలవంతమైన పొలములు, కొండల అమరికవలన సుడులుతిరుగుచు వచ్చు నీటిత్రోవ, కట్టడమునందు నేర్పుగల పనివారి సమూహము.

ఈ పండ్రెండింటిలో వాన పేరు లేదు. రాజు కలడు, నిపుణుడు కలడు, పనివారు కలరు. నేల, కొండ, రాయి, నది యన్నియు కలవు. వానమాత్రము లేదు. శాసనకర్త వానను మరచెననుట సంభవింపదు. వాన మనుష్యుని చేతిలోనిది కాదు గనుక దానిని అంగముగా లెక్కింపక, వచ్చిన వానను పట్టుటకు మనుష్యుడు చూచుకొనవలసినవానినే లెక్కించినాడని తలపవలయును. వర్షచ్ఛాయయందు కాపురముండువాని ఆలోచనారీతి యిదియే.

ఇక ఆరు దోషములు: కట్టనుండి నీరూరుట, చవుటినేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, చెరువుగర్భము నడుమ మెట్టయుండుట, నీరు కొలదియై సాగుచేయు నేల మిక్కుటమగుట, నేల కొలదియై నీరు మిక్కుటమగుట.

వీనిలో మొదటి, రెండవ, నాలుగవ దోషములు కట్టడమునకు, నేలకు సంబంధించినవి. ఏ యింజనీరైనను నేడును వానినే చెప్పును. తక్కినమూడును వేరుజాతివి. మూడవది రాజకీయదోషము. చెరువు ఎంత చక్కగా కుదిరినను, దానిలోనికి వచ్చునీటిమీద ఒక రాజునకును, దానిక్రింది పొలముమీద మరియొక రాజునకును అధికారమున్నచో ఆ చెరువు నిలువదని ఈ శాస్త్రజ్ఞుడు ఎరుగును. ఐదవ, ఆరవ దోషములు తూకమునకు సంబంధించినవి. నీటికిని నేలకును గల నిష్పత్తి తప్పుటయే దోషముగాని, నీరు తక్కువయగుటయే దోషము కాదు. కొలదినీటికి కొలదినేల సరిపడును. కొలదినీటిని చూపి అధికభూమిని సాగునకు తెచ్చుట, అధికజనమును రప్పించుట మాత్రము చెరువు పుట్టుకతోనే తెచ్చుకొను రోగము.

ఈ ఐదవదోషమే తరువాతి శతాబ్దులందు రాయలసీమకు మాటిమాటికి సంభవించినది.

4. వచ్చినవారిని నిలుపుటకు చేసిన ఒడంబడికలు

చెరువు కట్టినంతమాత్రమున జనులు రారు; వచ్చినను వెంటనే నిలువరు. క్రొత్తనేలను చదునుచేసి, గట్లు వేసి, పంట చేతికివచ్చుటకు కొన్ని యేండ్లు పట్టును. ఈ సంగతి విజయనగరరాజులు బాగుగా ఎరుగుదురు. శ్రీకృష్ణదేవరాయలు నేటి హోసపేటయొద్ద నాగలాపురము వెలయించునపుడు పెద్దచెరువు కట్టించెను. పోర్చుగీసు యాత్రికుడు పేయస్ ఆ పని జరుగుచుండగా చూచి, పనివారి సంఖ్య పదునైదువేలనుండి ఇరువదివేలవరకు ఉండునని వ్రాసెను. కట్ట తెగినదనియు, దానికై బలులిచ్చిరనియు కూడ చెప్పెను. న్యూనిజ్ అను మరియొక పోర్చుగీసు లేఖకుడు, ఆ చెరువుక్రింది భూములను బాగుచేసికొనుటకై జనులకు తొమ్మిదేండ్లవరకు పన్ను లేకుండ ఇచ్చిరని వ్రాసినాడు. తొమ్మిదేండ్లు అనునది ఉదారముగా నొసగిన కానుక కాదు. ఎండుసీమలో నేల స్థిరపడుటకు పట్టు కాలమును గూర్చిన అనుభవము.

ఆ రాయలే రచించిన ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమునందలి రాజనీతి భాగమున దీనికి సరిపడు రెండు భావములు కలవు. దేశము చిన్నదైనను కుంటలు, కాలువలు త్రవ్వించి, పేదరైతునకు పన్నులలో సడలింపు చూపినచో అర్థధర్మములు రెండును వృద్ధిపొందునన్నది యొకటి. నొచ్చి తరలిపోయిన ప్రజలను మరల పిలువక, వారు విడిచిన పశువులను, ధాన్యమును అమ్ముకొనుటకు చూచు అధికారి గల రాజునకు ఏడుదీవులును దక్కినను ఫలములేదన్నది మరియొకటి. సాహిత్యవిద్యార్థులు వీనిని సామాన్యనీతులుగా చదువుట కద్దు. వర్షచ్ఛాయయందు రాజ్యము చేసినవాని నోట వచ్చిన మాటలుగా చదివినచో వానికి భూగోళము తోడుపడును. కరవువచ్చినప్పుడు రైతు కదలుట ఈ సీమలో నియమము. కదలినవానిని తిరిగి రప్పించుటయే పాలనము.

రాజునకు దిగువను చెరువును నిలిపిన ఏర్పాటు దశబంధము. శాసనములందు దసవంద మొదలగు రూపములతో ఈ పదము కనబడును. చెరువు కట్టించినవానికి గాని, తెగినచెరువును బాగుచేసినవానికి గాని దానిక్రింది భూమిలో ఒకవంతును పన్ను లేకుండ ఇచ్చుట దీని స్వరూపము. పదింట నొకవంతు అని శబ్దార్థమైనను ఆచరణలో వంతు ఒడంబడికనుబట్టి మారుచుండెను. పందొమ్మిదవ శతాబ్దినాటి ఇనాముపత్రములందు దీనికి రెండు భేదములు కలవు: నిర్ణీతమైన పొలమునే ఇచ్చినచో ఖండదశబంధము, పన్నులో వంతునిచ్చినచో షామిలాత్ దశబంధము. అనుభవించువాడు ఏటేట కట్టను చూచుకొని, పూడికతీయించి, తూమును కాపాడవలయుననునది ఇందలి షరతు. ఇట్లు నీటిని కాపాడువాని జీవనము ఆ నీటితోనే ముడిపడియుండెను. చెరువు ఎండినచో దశబంధదారుని పొలమును ఎండును. ఇంతకంటె బలమైన పూచీ వేరొకటి లేదు. పూడికమట్టి తోలు బండ్లకును, వాని ఎద్దులకును భూములిచ్చిన శాసనములును కలవు. మడులకు నీరు వంతులుగా పంచు నీరుగంటికి గ్రామమే భూమియో ధాన్యమో ఇచ్చుచుండెను.

గ్రామనామములును ఈ కథనే చెప్పుచున్నవి. బుక్కరాయసముద్రము, అనంతసాగరము, నాగసముద్రము, రాయలచెరువు, కొత్తచెరువు, ఎర్రగుంట్ల మొదలగునవి ఊరిపేర్లుగా నున్న చెరువుపేర్లు. అనంతపురమునకు ఆ పేరు అనంతసాగరమువలననే వచ్చినదని ఐతిహ్యము. సముద్రమునకు ఇంతదూరమున, వాన ఇంత తక్కువగు చోట, ఊళ్లకు సాగర, సముద్ర శబ్దములు పెట్టుటలో ఆశయే కాదు, ఒక లెక్కయు కలదు: చెరువు ముందు, ఊరు వెనుక.

5. తెగినకట్ట : ముసలమ్మ కథ

ఈ చరిత్రకు భయముగూడ ఒక ముఖమని ముందే చెప్పితిని. బుక్కరాయసముద్రపు చెరువు తెగబోవుచుండగా, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ ఆత్మబలి యిచ్చినగాని కట్ట నిలువదని అశరీరవాణి పలికెననియు, ఆమె ఊరి క్షేమమునకై వరదలోనికి నడచెననియు అనంతపుర ప్రాంతపు కథ. అనంతపురచరిత్రను సి. పి. బ్రౌను దొర 1853లో ప్రకటించెను. ఆ చరిత్రనుండి ఈ కథను గ్రహించి కట్టమంచి రామలింగారెడ్డి 1899లో ముసలమ్మ మరణము రచించెను. ఆధునికాంధ్ర కవిత్వచరిత్రలో ఆ కావ్యమునకు గల స్థానము మనవారెరిగినదే.

కావ్యముగా దీనిని కరుణరసమునకు ఉదాహరణముగా చెప్పుదురు. చరిత్రదృష్టితో చూచినచో ఇందు రెండంశములు నిలుచును. కరవుసీమలో పుట్టిన ప్రసిద్ధ విషాదకథ నీరులేమినిగూర్చినది గాక నీటిపొంగునుగూర్చినది యగుట మొదటిది. గొలుసుగానున్న చెరువులలో పైచెరువు తెగినచో క్రిందివన్నియు వరుసగా తెగును. కావున ఒక ఊరికట్ట పలుయూళ్ల ప్రాణము. రెండవది, బలియైనది ఇంటికి వచ్చిన కోడలు. పరయూరినుండి వచ్చిన స్త్రీ ఆ యూరినీటికి ప్రాణమిచ్చినట్లు కథ చెప్పుటలో ఒక కఠినసత్యము దాగియున్నది. ఈ సీమలో ఒక ఊరివాడగుట యనగా ఆ ఊరికట్టకు బాధ్యుడగుట. ఆ బాధ్యతను అందరును పంచుకొననినాడు అది యొక్కరిమీద, అందును బలహీనులమీద పడును.

6. ఒడంబడిక సడలిన కాలము

1800లో నిజామునుండి ఈ సీమ ఆంగ్లేయులకు వచ్చినది. దత్తమండలములను పేరు అట్లు కలిగినది. (రాయలసీమయను పేరు 1928లో నంద్యాలసభలో చిలుకూరి నారాయణరావు సూచనపై వాడుకకు వచ్చినది.) 1807వరకు ఇచ్చట ప్రధానకలెక్టరుగానున్న థామస్ మన్రో, చెరువునకు అనువైన చోటులన్నింటను ఇచ్చటి జనులు పూర్వమే చెరువులు కట్టియున్నారు గనుక క్రొత్తవానిని కట్టబూనుట నిష్ఫలమని అభిప్రాయపడెను. పూర్వుల పనికి ఇంతకు మించిన ప్రశంస లేదు. కాని ఆ చెరువులను కాపాడిన ఒడంబడికలు అంతకంతకు పలుచనయ్యెను. ఇనాములు పన్నులెక్కలలో అంకెలుగా మారెను. సేవ జరిగినను జరుగకున్నను భూమి చేతులు మారుచుండెను. గ్రామస్థులు తామై చేయు కుడిమరామత్తుపనికి బలవంతము కావలసివచ్చి 1858లో మద్రాసుప్రభుత్వము చట్టముచేసెను. ఆచారము సజీవమైనచోట చట్టముతో పనిలేదు.

తరువాతి పాఠము మరింత ఘోరమైనది. సుంకేసులవద్ద తుంగభద్రకు ఆనకట్టకట్టి కర్నూలు-కడప కాలువను ఒక ఆంగ్లకంపెనీ 1860 దశకమున త్రవ్వించెను. నీరు వచ్చినది, దానిని కొనువారు రాలేదు. ఆ కాలువక్రింది భూమిలో పెద్దభాగము నల్లరేగడి. అది వాననీటిని చాలకాలము పట్టియుంచును; రైతు జొన్న, ప్రత్తి పండించుటకు మంచియేటిలో కాలువనీరు అక్కరలేదు, దానికై పన్ను చెల్లించుట యిష్టమును లేదు. కంపెనీ నష్టపడి, 1882లో ప్రభుత్వము కాలువను కొనెను. ఈ నడుమనే 1876-78 నాటి ధాతకరువు వచ్చినది. కాలువ నడచుచున్న కర్నూలుజిల్లాలోనే 1871, 1881 జనాభాలెక్కల నడుమ జనసంఖ్య సుమారు నాలుగవవంతు తగ్గిపోయినది. చనిపోయినవారెందరో, తరలిపోయినవారెందరో అందు కలరు. కాలువ దగ్గరనుండుట వేరు, నీరు ఊరికి అబ్బుట వేరు. సింగాయభట్టు కాలువ ఒక ఊరిని ఉద్దేశించి, ఒక చెరువునకు చేరినది. కంపెనీకాలువ లాభమును ఉద్దేశించినది.

7. నేటి ప్రశ్నకు పాతకొలత

ఇరువదవ శతాబ్దిలో ఈ ప్రశ్న మరల రాజధానిప్రశ్నగానే తలయెత్తినది. 1937 నవంబరు 16న మద్రాసులో జరిగిన శ్రీబాగ్ ఒడంబడికలో తుంగభద్ర, కృష్ణ, పెన్నా జలములందు రాయలసీమ మొదలగు మెట్టప్రాంతముల ప్రాధాన్యమును, రాజధాని లేక ఉన్నతన్యాయస్థానమును ఎన్నుకొను హక్కును ఒకే పత్రమున చేర్చిరి. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని యయ్యెను. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదునకు తరలెను. రాజధాని పోయినను నీటిమాట నిలిచినది. పెద్దలు ఆ రెండింటిని ఒకేచోట వ్రాసికొనుట యాదృచ్ఛికము కాదు.

1953లో హోసపేటవద్ద పూర్తియైన తుంగభద్రజలాశయమునుండి ఎగువకాలువద్వారా అనంతపుర ప్రాంతమునకు నీరు వచ్చుచున్నది. హంద్రీ-నీవా పథకమున కృష్ణాజలములను ఎత్తిపోయుచున్నారు. సహ్యాద్రివానను వర్షచ్ఛాయకు తెచ్చు ప్రయత్నములే యివియు. పెనుగొండకు నదిని తెమ్మన్న ఆజ్ఞయే పెద్దకొలతతో జరుగుచున్నది. కాని భాస్కరుని శాసనమందలి దోషములు వీనికిని వర్తించును. తుంగభద్రజలాశయపు నీటిలో ఒకటికంటె నెక్కువ రాష్ట్రములకు వంతు కలదు. దాని నీటి పంపకమునకు 1953నుండి ప్రత్యేకమండలి అవసరమైనది. మొదట సుమారు 133 టి.ఎం.సి.లు పట్టిన గర్భము పూడికవలన 105 ప్రాంతమునకు తగ్గినది. 2024 ఆగస్టులో దాని 19వ గేటు గొలుసుతెగి కొట్టుకొనిపోయినది. కట్ట కట్టుట ఒకమాటు చేయుపని. దానిని కాపాడుట ప్రతిదినమును చేయుపని యని దశబంధమిచ్చినవారు ఎరిగిన సంగతిని ఈ గొలుసు మరల చెప్పినది.

గొట్టపుబావులు మరియొక చిక్కును తెచ్చినవి. చెరువునీరు ఎంతయున్నదో ఊరంతకును కనబడును. తగ్గినప్పుడు నీరుగంటి వంతులు తగ్గించును. నేలక్రిందినీరు ఎవరికిని కనబడదు. ఎవని మోటారు వానిదే. ఐదవదోషము కన్నులకు కనబడకుండ పెరుగుటకు ఇంతకంటె అనువైన మార్గము లేదు. నీరు చాలునను భ్రమతో నేలను పెంచి, బావులు ఎండినపిమ్మట బెంగుళూరునకు, తదితర పట్టణములకు కూలికి తరలుచున్న కుటుంబములు ఆ దోషమునకు ఫలమును అనుభవించుచున్నవి. పన్నుసడలింపుతో రప్పించినవారి సంతతి నీటికొరతతో కదలుచున్నది.

ఈ పరిశీలనమువలన తేలిన విషయము లివి: రాయలసీమలో నివాసస్థాపనమునకు వానపరిమాణము నిర్ణాయకము కాలేదు, నీటికిని నేలకును తగిన తూకము, నీటిని కాపాడువానికి నీటిలోనే వంతు, వచ్చినవారు స్థిరపడుటకు గడువు, ఈ మూడును నిర్ణాయకములైనవి. ఈ సీమకు క్రొత్తగా ఊరునుగాని, కర్మాగారమునుగాని, విద్యాలయమునుగాని తేదలచువారు వానలెక్కలతోపాటు పోరుమామిళ్ల శాసనమందలి ఐదవదోషమునుగూడ చదువుట మేలు. పరిశోధకులు చేయవలసిన పనియు మిగిలియున్నది. దశబంధ శాసనములను ఊరువారీగా చేర్చి, ఆ చెరువుల నేటిస్థితితో పోల్చినచో, ఏ ఒడంబడిక ఎంతకాలము నిలిచినదో, ఎచ్చట ఎందుకు తెగినదో తెలియగలదు. రాళ్లమీది ఆ వ్రాతలు కీర్తికొరకే చెక్కినవి కావు. తరువాత వచ్చి కాపురముండువారు చదువుకొనుటకు చెక్కినవి.